ఏడు తెరవమంటే ఎనిమిది తెరిచింది

గడువు ముప్ఫయ్యో రోజు

ఉదయం పోటు ఆరూ నలభైకి. సముద్రం వైపు షట్టర్లు పన్నెండూ మూసే ఉన్నాయి. ఐదో షట్టరు గొలుసుకి గ్రీజు పెట్టాను. మూడో షట్టరు వెనక పడవలు ఆగే తొట్టిలో నీళ్లు తోడించాను. ఇదంతా లాకు పుస్తకంలో రాసి కింద సంతకం పెట్టాను. లస్కరు నూకరత్నం, ఉదయం డ్యూటీ.

ఆ పుస్తకంలో రాయకూడనివి ఇందులో రాస్తున్నాను.

మా అన్నయ్య కొండబాబుని కట్ట అవతల తెప్ప మీదకి తోసి ఇవాళ్టికి ముప్ఫై రోజులు. ఇంకా పది ఉన్నాయి. ఆలోగా తప్పు వాడిది కాదని ఎవరూ రుజువు చూపించకపోతే కట్ట జాబితాలోంచి వాడి నంబరు కొట్టేస్తారు. నంబరు లేనివాడికి ఏ షట్టరూ తెరుచుకోదు. అవతల ఉన్నదల్లా సముద్రం, పాత ఊళ్ల నీటి ట్యాంకుల నెత్తులు, తెప్పలు. తుఫాన్ల కాలం దాటి తెప్ప మీద బతికినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

వాడు చేశాడంటున్న తప్పు ఇది. సముద్రంలోంచి పడవ వస్తే ఏడో షట్టరు తెరవాలి. ఎనిమిదోది తెరుచుకుంది. ఎనిమిదో తొట్టి ఎండగట్టి ఉంది. అడుగున సింహాద్రి బాబాయి గోడకి పట్టిన గుల్లలు గీకుతున్నాడు. పోటు మీదున్న సముద్రం అంతా ఆయన నెత్తిన పడింది. ఆయన చేతిలో గీకుడు కత్తి అలాగే ఉండగా పైకి తీశారు.

విచారణలో, షట్టర్లు తెరవడానికి అన్నయ్య రాసిన ప్రోగ్రాంని పదిసార్లు నడిపి చూశారు. పదిసార్లూ ఏడోదే తెరిచింది. "ప్రోగ్రాం శుభ్రంగా ఉంది. అంటే ఆ రోజు ఈ కుర్రాడు చేత్తో ఎనిమిది కొట్టాడు" అన్నాడు లోకనాథం. ఆయన మా కొత్త యంత్రాధికారి. రాజధానిలో తొమ్మిదేళ్లు చదివి, ప్రమాదానికి సరిగ్గా ముందురోజు మా కట్టకి వచ్చాడు. తొమ్మిదేళ్ల చదువు ఆ ఒక్క మాట అంటే ఇంకెవరూ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అన్నయ్య చేత్తో నంబరు కొట్టడు. నాకు తెలుసు. వాడు ఇంట్లో చారులో ఉప్పు కూడా చెంచాతో కొలిచి వేస్తాడు.

గడువు ముప్ఫై ఒకటో రోజు

డ్యూటీ దిగి యంత్రం గదికి వెళ్లాను. కట్టకంతా ఒకటే యంత్రం. షట్టర్లు, పంపులు, పోటు గంట, అన్నీ దాని మాటే వింటాయి. దానికి మేం పలుకు అనే భాషలో ప్రోగ్రాములు రాస్తాం. షట్టర్లు చూసే లస్కరుగా చేరిన ప్రతివాళ్లకీ అందులో ఒక అర ఇస్తారు. చేరిననాటికి ఏ పలుకు కొత్తదైతే దాన్ని తెచ్చి ఆ అరలో పెట్టుకుంటారు. ముసలివాళ్లవి రెండో పలుకు, మూడో పలుకు. మా పాత యంత్రాధికారి వీర్రాజు తాతది నాలుగు. అన్నయ్యదీ నాదీ ఐదు. మనిషి పోయినా అర తియ్యరు. గోడ మీంచి పోయినవాళ్ల ఫొటో తీసెయ్యం కదా, అలాగన్నమాట. ఇప్పుడు యంత్రంలో పద్నాలుగు పలుకులున్నాయి. అందులో తొమ్మిది పోయినవాళ్లవి. వాళ్ల అరలు ఎవరైనా చదువుకోవచ్చు. నేను ఏ బడికీ పోలేదు, ఆ తొమ్మిదిమందే నాకు బడి.

పద్నాలుగు ఉన్నప్పుడు ఊరికే "పలుకు" అని పిలిస్తే ఏది వస్తుంది? దానికి వరస అని ఒక ఫైలుంది. హోదాలో పెద్దల పేర్లు పైన, చిన్నవాళ్లవి కింద. యంత్రం పైనుంచి వెతికి మొదట దొరికినదానితో పని కానిచ్చేస్తుంది. పెళ్లి పంక్తిలో పెద్దలకి ముందు వడ్డించినట్టు. ఇంతకన్నా తెలివితక్కువ ఏర్పాటు నేను చూడలేదు. అయినా ఇరవై ఏళ్లుగా నడిచింది, ఎందుకంటే ఇరవై ఏళ్లుగా వరసలో పైపేరు వీర్రాజు తాతదే. ఆయన పోయి ఆరేళ్లైనా షట్టర్లన్నీ ఆయన నాలుగో పలుకు చెప్పినట్టే ఆడుతున్నాయి.

ఇవాళ నేను చేసింది చాలా చిన్న పని. విచారణలో ఎవరికీ తట్టని పని. కొత్తవాళ్లు నేర్చుకోవడానికి పన్నెండు బల్బుల చెక్క ఒకటుంది, షట్టర్లకి బదులు బల్బులు. దాన్ని తగిలించి, అన్నయ్య ప్రోగ్రాంకి నా అరలో నకలు తీసి, ఆ నకలుని పద్నాలుగు పలుకుల్లోనూ విడివిడిగా, ఒక్కోదాన్ని దాని అర పేరుతో పిలిచి నడిపాను.

పదమూడుసార్లు ఏడో బల్బు వెలిగింది.

పద్నాలుగోసారి ఎనిమిదోది.

అది లోకనాథం అర. ఆరో పలుకు.

మళ్లీ నడిపాను. ఎనిమిదే. ఒకటో షట్టరు అడిగితే రెండో బల్బు వెలిగింది. పన్నెండోది అడిగితే అలాంటిది లేదని ఆగిపోయింది. అప్పుడు అర్థమైంది. ఆరో పలుకు సున్నా నుంచి లెక్కపెడుతుంది. దానికి మొదటి షట్టరు సున్నా, రెండోది ఒకటి. మనం ఏడు అంటే అది ఎనిమిదోదాని దగ్గర ఆగుతుంది. మిగిలిన పలుకులన్నీ మనుషుల్లాగా ఒకటి నుంచి లెక్కపెడతాయి.

ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ఆకలి లేక కాదు. పళ్లు బిగుసుకుపోయాయి.

గడువు ముప్ఫై రెండో రోజు

నాలుగో షట్టరు రబ్బరు చిరిగింది. మార్చాను.

బల్బుల చెక్క రుజువు కాదు. ఆ రోజు నడిచింది ఆరో పలుకేనని చూపించాలి. వరసలో ఇప్పుడు పైన ఉన్నది వీర్రాజు తాతే. అందుకే విచారణలో పదిసార్లూ సరిగ్గా నడిచింది. ఫైలు ఎప్పుడు మారిందో చూశాను. ప్రమాదం జరిగిన రోజే, సాయంత్రం నాలుగింటికి. మార్చినవాడు లోకనాథం. అంటే పొద్దున ఏముందో సాయంత్రం చెరిపేశాడు. పొద్దున ఏముందన్నది మాత్రం ఫైలు చెప్పదు, ఆఖరి మార్పే దానికి గుర్తుంటుంది.

అప్పుడు నీడలు గుర్తొచ్చాయి. పలుకు ఏ ప్రోగ్రాం నడిపినా దాని పక్కన నీడ అనే చిన్న ఫైలు వదిలిపోతుంది, మళ్లీ నడిపినప్పుడు త్వరగా నడవడానికి. ఒక్కో పలుకు ఒక్కోరకం నీడ వదులుతుంది, ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు. వాటిని ఎవరూ చూడరు, ఎవరూ తుడవరు. అన్నయ్య ప్రోగ్రాం పక్కన నాలుగో పలుకు నీడ ఉంది. దాని కింద ఇంకొకటి.

ఆరో పలుకు నీడ. ప్రమాదం రోజు. ఉదయం పదింబావుకి.

సింహాద్రి బాబాయి పోయింది పదింబావుకే.

కుర్చీలోంచి లేచి యంత్రం గది తలుపు గడియ పెట్టి, గోడని తన్నాను. బొటనవేలు గోరు నల్లబడింది.

గడువు ముప్ఫై మూడో రోజు

వారానికొకసారి అవతలి వాళ్లకి బుట్ట దింపవచ్చు. ఆటు మీద నీళ్లు తగ్గాక కట్ట ఊచల దగ్గర కాసేపు మాట్లాడుకోవచ్చు కూడా. అన్నయ్య తెప్ప ఊచలకి కట్టుకుని కూర్చున్నాడు. మొహం ఎండకి మాడి పెనంలాగా అయింది.

"చేపల పులుసేనా ఇది? చింతపండు పులుసా?" అన్నాడు మూత తీసి.

"తిను ముందు. అన్నయ్యా, ఆ రోజు వరసలో లోకనాథం పేరు పైన ఉంది. ఎవరు పెట్టారు?"

ముద్ద నోటిదాకా తీసుకెళ్లినవాడు ఆగాడు.

"నేనే."

ఊచలు పట్టుకుని వాడి మొహంలోకి చూశాను.

"ఏంటే అలా చూస్తావు? పెద్దాయన వచ్చారు. రాజధాని నుంచి. ఆయన పేరు పద్నాలుగోదిగా అడుగున పడేస్తే బాగుంటుందా? పొద్దున డ్యూటీకి రాగానే, ఐదున్నరకి, ఆయన్ని అడిగే పైన పెట్టాను. 'సంతోషం అబ్బాయ్, మర్యాద తెలిసినవాడివి' అన్నారు."

"మరి విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"దానికీ దీనికీ ఏంటే సంబంధం?"

చెప్పాను. సున్నా సంగతి, బల్బుల సంగతి, నీడ సంగతి. వింటూ వింటూ వాడు బుట్ట పక్కన పెట్టేశాడు. చెయ్యి కడుక్కోలేదు. పులుసు చేతి మీదే ఎండిపోతోంది.

"అయితే నేనే చంపానన్నమాట" అన్నాడు.

"నీ మర్యాద తగలెయ్య! నీకు తెలీదు కదరా!"

"ఆయనకి మాత్రం తెలుసని నీకెలా తెలుసు? రత్నం, నువ్వు సభలో చెబితే మొత్తం చెప్పు. పేరు పెట్టింది నేనని కూడా చెప్పు. దాచావంటే నేను లోపలికి రాను."

పోటు మొదలైంది. తెప్ప ఊచల నుంచి జరిగిపోయింది. వాడు ఖాళీ చేతిని ఊపాడు. నేను ఊపలేదు. అంత కోపంగా ఉంది నాకు, వాడి మీద కూడా.

గడువు ముప్ఫై నాలుగో రోజు

ఆయనకి తెలుసా, తెలీదా? తెలియకపోతే ఇద్దరూ తెలివితక్కువవాళ్లు, నా పగకి పనిలేదు.

బతికున్న పెద్దల అర అడక్కుండా తెరవకూడదు. మా కట్టలో అది ఒకరి వంటింట్లోకి చెప్పులతో వెళ్లడం లాంటిది. తెరిచాను.

లోకనాథం వచ్చిన రోజే మా పాత ప్రోగ్రాములు నాలుగు తన అరలోకి నకలు చేసుకుని, అక్కణ్ణుంచే నడిపిస్తున్నాడు. పోటు గంటది, పంపులది, దీపాలది, తన ఇంటి మంచినీళ్ల గొట్టానిది. అన్నీ వీర్రాజు తాత రాసినవే, ఒకటి నుంచి లెక్కపెట్టేవే. నాలుగింటిలోనూ మొట్టమొదటి వాక్యం మాత్రం కొత్తది.

"లెక్క ఒకటి నుంచి."

ఆ వాక్యం ఉంటే ఆరో పలుకు కూడా బుద్ధిగా ఒకటి నుంచే లెక్కపెడుతుంది. నాలుగు ఫైళ్లలోనూ దాన్ని చేర్చింది ప్రమాదం రోజు ఉదయం. ఆరూ ఐదు, ఆరూ ఆరు, ఆరూ ఆరు, ఆరూ ఎనిమిది.

ఐదున్నరకి అన్నయ్య ఆయన పేరు పైన పెట్టాడు. ఆయన సంతోషం అన్నాడు. వెంటనే వెళ్లి తన నాలుగింటికీ గొడుగు పట్టుకున్నాడు. షట్టర్ల ప్రోగ్రాంని వానలో వదిలేశాడు. ఆరూ ఎనిమిది నుంచి పదింబావు దాకా నాలుగు గంటలు. ఆ వాక్యం టైపు చెయ్యడానికి నాకు ఎంతసేపు పట్టిందో చూసుకున్నాను. తొమ్మిది సెకన్లు. నోటితో చెప్పడానికి అంత కూడా పట్టదు. "అబ్బాయ్, నా పేరు పైన వద్దు" అంటే చాలు. అంటే పెద్దరికం ఒక మెట్టు దిగిపోతుంది.

ఇంటి గొట్టానికి కూడా రాసుకున్నాడండీ. మంచినీళ్ల బదులు ఉప్పునీళ్లు వస్తాయేమోనని.

గడువు ముప్ఫై ఐదో రోజు

అర తెరిస్తే యంత్రం పేరు రాసుకుంటుంది. నాకు తెలుసు. పొద్దున్నే లోకనాథం తొమ్మిదో షట్టరు దగ్గరికి వచ్చాడు. నేను గొలుసు మీద వేలాడుతూ ఉన్నాను.

"ఎక్కడ చదివావమ్మా నువ్వు?"

"ఎక్కడా చదవలేదండి."

"మరి నా అరలో ఏం చదువుతున్నావు?"

"అక్షరాలు గుర్తుపడుతున్నానండి. కూడబలుక్కుంటున్నాను."

నవ్వాడు. ఆయన నవ్వు బాగుంటుంది. అది ఇంకా మంట.

"చురుకైనదానివి. రాజధాని బడికి ఏటా ఒకర్ని పంపమంటారు. ఈ ఏడు నీ పేరు రాద్దామనుకుంటున్నాను. ఏమంటావు?"

"అన్నయ్య నంబరు కొట్టేశాక రాస్తారా, ముందా?"

నవ్వు ఆరిపోయింది. "మీ అన్నయ్య మీద నాకేం కోపం లేదమ్మా. జరిగిందేదో జరిగింది. చూడు, పద్నాలుగు పలుకులు ఒక్క యంత్రంలో పోగేసుకున్న కట్ట లోకంలో ఇంకోటి ఉందా? ఎప్పటికైనా ప్రమాదమే. ఎల్లుండి పొద్దున అన్నీ తీసేయిస్తున్నాను. చచ్చినవాళ్లవి, బతికినవాళ్లవి, నీడలు, అన్నీ. ఒకటే ఉంటుంది."

"ఆరా?"

"ఆరే. దానికి తగ్గట్టు నేనే అన్నీ సరిచేస్తాను."

ఆయన వెళ్లాక గొలుసు మీదే కాసేపు ఉండిపోయాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పద్నాలుగు ఉండకూడదు, ఒకటే ఉండాలి. నేనే అధికారినైతే నేనూ అదే చేసేదాన్ని. కానీ ఎల్లుండి నీడ పోతుంది. నకలు తీసుకుంటే "ఈ పిల్లే తయారుచేసింది" అంటాడు. అది ఉన్నచోట ఉండగానే సభ చూడాలి. సభ నలభయ్యో రోజున. ముందు పెట్టమని అడిగే హక్కు ఒక్కరికే ఉంది, మనిషిని పోగొట్టుకున్నవాళ్లకి.

మధ్యాహ్నం పైడమ్మ పిన్ని దగ్గరికి వెళ్లాను. సింహాద్రి బాబాయి భార్య. కట్ట మీద మెత్తళ్లు ఎండబెడుతోంది. నన్ను చూసి చేటలోవి కావాలనే నా కాళ్ల మీద విసిరింది.

"ఏంటే, మీ అన్న మంచోడని చెప్పడానికొచ్చావా? నెల్రోజుల్నించీ మీ అమ్మ పంపిన కూర గిన్నె గిన్నెలాగే సముద్రంలో పోస్తున్నా."

"మంచోడని చెప్పను పిన్నీ. పేరు పైన పెట్టింది వాడే."

చేట ఆగింది. అన్నీ చెప్పాను. మొదటిసారి ఆమెకి ఎక్కలేదు. ఎండబెట్టిన మెత్తళ్లని వరసగా పన్నెండు పేర్చి, ఒకటి నుంచి ఒకసారి, సున్నా నుంచి ఒకసారి లెక్కపెట్టి చూపించాను. ఎనిమిదో చేప మీద నా వేలు ఆగినప్పుడు ఆమె ఆ చేపని అరచేతిలోకి తీసుకుంది.

"తెలిసే ఊరుకున్నాడా?"

"తెలిసే."

"రుజువుందా?"

"రేపటిదాకా ఉంది."

"మీ అన్న చెయ్యలేదని చెప్పడానికైతే నేను రాను. ఎవడు చేశాడో అందరిముందూ వాడి నోటితో చెప్పించు, వస్తా."

"వాడి నోటితోనే చెప్పిస్తాను."

ఎలా చెప్పించాలో అప్పటికి నాకు తెలీదు. ఊరికే అనేశాను. పైడమ్మ పిన్ని చేట కిందపెట్టి, చేతులు తుడుచుకోకుండానే కట్ట పెద్ద దమయంతి గారి ఇంటివైపు నడిచింది.

గడువు ముప్ఫై ఆరో రోజు

ఈ ఒక్కరోజు గురించి ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున సభకి ముందు యంత్రం గదికి వెళ్లాను. వరస ఫైలు తెరిచాను. లోకనాథం పేరు తీసుకెళ్లి అన్నిటికన్నా పైన పెట్టాను. రెండు నిమిషాలు అలాగే ఉంచాను. నా మనసులో ఏముందో నాకు బాగా తెలుసు. ఆ తర్వాత కిందకి దించేశాను. భయం వేసి కాదు. ఆయన ఒక్కసారే చస్తే నాకు సరిపోదు.

మా కట్టలో ప్రాణం పోయిన చోటే సభ పెడతారు. ఎనిమిదో తొట్టి గట్టు మీద కుర్చీలు వేశారు. గుల్లల పని మధ్యలో ఆగిపోయింది కాబట్టి ఆ రోజు నిండిన నీళ్లు తోడేసి తొట్టిని మళ్లీ ఎండగట్టి ఉంచారు. షట్టరుకి అవతల పోటు ఎక్కుతోంది. పదకొండు కావస్తోంది. అన్నయ్యని ఊచల అవతల, వినబడేంత దూరంలో తెప్ప మీద నిలబెట్టారు.

దమయంతి గారు నన్ను చూసి, "చెప్పమ్మా, టూకీగా" అన్నారు.

యంత్రం తెరని గట్టు మీదకి తెచ్చాను. నీడ చూపించాను. "ఆ రోజు అన్నయ్య ప్రోగ్రాంని నడిపింది ఎప్పుడూ నడిపే నాలుగో పలుకు కాదండి, లోకనాథం గారి ఆరో పలుకు. ఇదిగో టైము."

అంతే చెప్పాను. సున్నా సంగతి చెప్పలేదు.

లోకనాథం కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు. "అయితే ఏమైందమ్మా? నాలుగు నడిపితేనేం, ఆరు నడిపితేనేం? ఏడు ఎవరికైనా ఏడే. బడిలో చదివుంటే తెలిసేది."

జనం నవ్వారు. వాళ్ల నవ్వు అయ్యేదాకా ఆగాను.

"రెండింటికీ ఏ తేడా లేదంటారా?" అన్నారు దమయంతి గారు.

"ఈ విషయంలో నాకు తెలిసి ఏ తేడా లేదండి."

"అయితే ఒక్క ఉపకారం చెయ్యండి" అన్నాను. "ఈ ఎనిమిదో తొట్టిలోకి దిగండి. సింహాద్రి బాబాయి నిలబడ్డచోట నిలబడండి. నేను ఇక్కడ అన్నయ్య ప్రోగ్రాం నడిపి ఏడో షట్టరు తెరుస్తాను. మీరు చెప్పినట్టే ఏడు ఏడే కదా. ఎనిమిదిలో మీ జోలికి ఏం వస్తుంది? మీరు తడవకుండా పైకొస్తే, మా అన్న చేత్తో కొట్టాడని నేనే ఒప్పుకుంటాను."

"ఏంటీ పిల్లచేష్టలు?"

"దిగండి బాబూ" అంది పైడమ్మ పిన్ని. "మా ఆయన రోజూ దిగేవోడు."

జనంలోంచి ఎవరో, "నిచ్చెన పట్టుకోమంటారా?" అన్నారు.

ఆయన లేచాడు. గట్టు అంచుదాకా వచ్చాడు. షట్టరు సందుల్లోంచి సముద్రం చిమ్ముతోంది. కిందకి చూశాడు. నిచ్చెన మీద చెయ్యి వేశాడు. వేసి, నా వైపు తిరిగి, తగ్గు గొంతుతో అడిగాడు.

"వరసలో పైన ఎవరి పేరుంది?"

దమయంతి గారికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పైడమ్మ పిన్నికి పట్టలేదు.

"తేడా లేదన్నావు కదయ్యా" అంది. "ఎవరి పేరైతే నీకెందుకు?"

ఆయన నిచ్చెన మీద చెయ్యి తీసేశాడు.

"వీర్రాజు తాతది" అన్నాను నేను. "నాలుగో పలుకు. దిగినా మీరు తడిసేవారు కాదు."

ఆ తర్వాత బల్బుల చెక్క చూపించాను. ఆయన నాలుగు ప్రోగ్రాముల్లో మొదటి వాక్యం, పక్కన టైములు చూపించాను. ఇంటి మంచినీళ్ల గొట్టం దగ్గరికి వచ్చేసరికి జనంలో గోల లేచింది.

లోకనాథం ఆఖరి రాయి విసిరాడు. "నా పేరు పైన పెట్టింది ఎవరు? అది కూడా చెప్పమనండి ఈ పిల్లని!"

నేను చెప్పేలోగా ఊచల అవతలి నుంచి కేక వినిపించింది.

"నేనేనండీ! కొండబాబుని! నేనే పెట్టాను!"

"మా అన్నయ్యే పెట్టాడు" అన్నాను. "మిమ్మల్ని అడిగి పెట్టాడు, మర్యాదకి. మీరు సంతోషం అన్నారు. అని, మీ ఇంటి గొట్టానికి రక్ష కట్టుకున్నారు."

గడువు ముప్ఫై ఏడో రోజు

తీర్పు ఉదయం చెప్పారు. లోకనాథం కట్ట అవతలికి. కొండబాబు లోపలికి, కానీ తెలియకుండా చేసినా చేసిన చెయ్యి వాడిదే కాబట్టి ఐదేళ్లు యంత్రం ముట్టుకోకూడదు.

అన్నయ్యని ఏడో తొట్టి గుండా లోపలికి తెచ్చారు. వచ్చీరాగానే పైడమ్మ పిన్ని ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. మా ఆచారం ప్రకారం నష్టపోయినవాళ్లు "పోనీ" అంటే శిక్ష సగానికి తగ్గుతుంది, అవతలికి తోసే శిక్షైతే తొయ్యకుండా లోపలే ఉంచుతారు. ఆమె వాడి నెత్తిమీద ఎండకి పొట్టు లేచిన చర్మం వైపు చాలాసేపు చూసింది.

"పోనీ" అంది. "లే. మీ అమ్మని ఇక కూర పంపొద్దను. నేనే వచ్చి తింటాను."

తర్వాత లోకనాథం వంతు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్కరోజులో భుజాలు దిగిపోయాయి. ఆయన విషయంలో ఇద్దరం అనాలి, పైడమ్మ పిన్నీ, నిందపడ్డవాడి ఇంటి తరఫున నేనూ.

"ముందు నువ్వు చెప్పమ్మా" అంది పిన్ని. "నువ్వెలాగంటే నేనలాగే."

అన్నయ్య నా చెవి దగ్గరకి వచ్చాడు. "పోనీ అనవే. ముసలాయన. తెప్ప మీద నాలుగు రోజులుండలేడు. నేనుండి వచ్చాను కదా, నాకు తెలుసు."

వాడి అరచేతుల వైపు చూశాను. తాళ్ల కోతలకి ఉప్పు పట్టి తెల్లగా చీలి ఉన్నాయి.

"అమ్మా" అన్నాడు లోకనాథం. "నేను కావాలని చెయ్యలేదు. చెబుదామనే అనుకున్నాను. మధ్యాహ్నం చెబుదాంలే అనుకున్నాను."

అది నిజమే అయ్యుంటుంది. నాకు నమ్మకం కలిగింది కూడా. మధ్యాహ్నం చెప్పేవాడేమో.

"అనను" అన్నాను.

గడువు ఒకటో రోజు

ఇది లోకనాథం గడువు. ఈ పుస్తకంలో లెక్క మళ్లీ మొదలుపెడుతున్నాను.

ఉదయం పోటు పదకొండూ యాభైకి. దానికి ముందు, ఆటు మీద, ఎనిమిదో షట్టరు తెరిచి ఆయన్ని తెప్ప ఎక్కించాను. కట్ట మీద ఇప్పుడు యంత్రం చూసేది నేనే. నా అరలోని ఐదో పలుకు తప్ప మిగిలిన పదమూడూ తీసేశాను. పోయినవాళ్లవి కూడా. వాళ్ల ప్రోగ్రాములు మాత్రం కాగితం మీద దింపి, పేర్లు రాసి, గదిలో అరమీద పెట్టాను. ముసలి లస్కర్లు ఇద్దరు తిట్టారు. తిట్టనీ. వరస ఫైలు కూడా లేదు, దాని అవసరం లేదు.

తీసెయ్యడానికి ముందు లోకనాథం అరని, ఆరో పలుకుతో, టైములతో సహా పెట్టెలో వేసి సభ ముద్ర వేయించాను. ఆయనకీ నలభై రోజులుంది. ఆయన తరఫున ఎవరైనా రుజువు వెతకడానికి వస్తే ముద్ర విప్పి పెట్టె ఇస్తాను, యంత్రం ముందు కుర్చీ ఇస్తాను, మంచినీళ్లు ఇస్తాను. ఏ ఫైలు దాచను.

మధ్యాహ్నం దాకా చూశాను. ఎవరూ రాలేదు.

ఎనిమిదో షట్టరు మూశాను. మూసుకుందో లేదో వెళ్లి చేత్తో తోసి చూశాను.